బాడెన్-బాడెన్‌లో స్నానం: ఫ్రీడ్‌రిష్‌బాడా, కారకల్లానా?

జర్మనీకి వచ్చిన కొత్తలో ఎవరైనా బాడెన్-బాడెన్ పేరు వింటే ముందు నవ్వుతారు. ఒకే మాట రెండుసార్లేమిటని. ఆ తర్వాత ఏదో ఒక వీకెండ్ ప్లాన్ వేస్తారు, నాలాంటివాళ్ళకి ఫోన్ చేస్తారు. "అక్కడ రెండు వేడినీళ్ళ స్నానశాలలున్నాయట కదా, ఏది బాగుంటుంది?" నేను జవాబు చెప్పకుండా, "ఎవరితో వెళ్తున్నారు?" అని అడుగుతాను. అవతల కాసేపు మౌనం. ఆ ప్రశ్న ఎందుకడిగానో చెప్పాక "అమ్మో, అలాగా" అంటారు.

ఫ్రీడ్‌రిష్‌బాడ్, కారకల్లా అనే ఈ రెండు స్నానశాలలూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకొకదానికి నడిస్తే మూడు నిమిషాలు కూడా పట్టదు. రెండింటికీ నీళ్ళు ఒకే కొండ నుంచి వస్తాయి. కాబట్టి ఏ నీళ్ళు మంచివి, ఎందులో ఖనిజాలు ఎక్కువ అనే చర్చ అనవసరం. తేడా రెండు విషయాల్లో ఉంది. ఒంటి మీద బట్టలుంటాయా లేదా అన్నది ఒకటి, లోపల మీ సమయాన్ని మీరు నడుపుకుంటారా లేక వాళ్ళ పద్ధతి మిమ్మల్ని నడుపుతుందా అన్నది రెండోది. ధర, అందం, చరిత్ర అన్నీ ఆ తర్వాతే.

ముందు ఊరి గురించి కొంచెం. బాడెన్ అంటే జర్మన్‌లో స్నానాలు అనే. ఆస్ట్రియాలో ఒక బాడెన్ ఉంది, స్విట్జర్లాండ్‌లో ఇంకొకటి ఉంది. ఇది బాడెన్ రాజ్యంలోని బాడెన్, అందుకే జంట పేరు. 1931 నుంచి అధికారికంగా కూడా అదే పేరు. బ్లాక్ ఫారెస్ట్ అడవి వాయవ్యపు అంచున, ఓస్ అనే నది ఒడ్డున ఉంటుంది. నది అన్నారు కదా అని గోదావరిని ఊహించుకుని వెళ్ళకండి. మన ఊళ్ళో పంట కాలువంత ఉంటుంది. కానీ ఆ కాలువంత నదికి వాళ్ళు చేసే సేవ చూస్తే ముచ్చటేస్తుంది. ఒడ్డు వెంబడే లిష్టెన్‌టాలర్ అల్లే అనే చెట్ల బాట రెండు కిలోమీటర్ల పైచిలుకు సాగుతుంది. మధ్యమధ్యలో ఇనుప వంతెనలు, అటువైపు పాత భవంతులు.

వేడినీటి ఊటలు ఫ్లోరెంటినర్‌బెర్గ్ అనే కొండ వాలులో ఉన్నాయి. పన్నెండు ఊటలు. రోజుకు సుమారు 8 లక్షల లీటర్లు వస్తాయి. వేడి 68 డిగ్రీల వరకు ఉంటుంది. అంటే భూమిలోంచి వచ్చిన నీళ్ళను వేడి చేయాల్సిన పని లేదు, చల్లార్చాల్సిన పని ఉంది. మనవాళ్ళలో భద్రాచలం దగ్గర గోదావరి ఇసుకలో ఉష్ణగుండాలు చూసినవాళ్ళకీ, బదరీనాథ్ తప్తకుండంలో మునిగినవాళ్ళకీ ఇది వింత కాదు. అక్కడ మునక పుణ్యం కోసం, ఇక్కడ కీళ్ళ నొప్పుల కోసం. నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సోడియం క్లోరైడ్ ఎక్కువ.

రోమన్లు ఈ ఊటలను రెండు వేల ఏళ్ళ కిందటే కనిపెట్టారు. వాళ్ళు ఊరిని ఆక్వే అన్నారు, నీళ్ళు అనే అర్థం. మూడో శతాబ్దం మొదట్లో పాలించిన కారకల్లా చక్రవర్తి ఇక్కడి స్నానశాలలను బాగుచేయించాడని చెప్పుకుంటారు. కొత్త స్నానశాలకు ఆయన పేరే పెట్టారు. 1689లో ఫ్రెంచి సైన్యం ఊరిని తగలబెట్టింది. తర్వాత చాలాకాలం పెద్దగా కదలిక లేదు. 19వ శతాబ్దంలో మళ్ళీ వెలిగింది, ఈసారి స్నానం వల్ల కన్నా జూదం వల్లే ఎక్కువ. ఐరోపా రాజులు, రష్యన్ జమీందార్లు వేసవంతా ఇక్కడే. రష్యన్ రచయిత దోస్తయెవ్‌స్కీ ఇక్కడి కాసినోలో డబ్బు పోగొట్టుకున్నవాడే.

ఫ్రీడ్‌రిష్‌బాడ్ కథ అర్థం కావాలంటే జూదం సంగతి తెలియాలి. జర్మన్ సామ్రాజ్యంలో కాసినోలను 1872 చివరికల్లా మూసేశారు. ఊరికి అన్నం పెట్టే వ్యాపారం పోతోందని పెద్దలకు ముందే తెలుసు. అందుకే 1869లోనే ఒక భారీ స్నానశాల కట్టడం మొదలుపెట్టారు. 1877లో తెరిచారు. కార్ల్ డెర్న్‌ఫెల్డ్ దాని వాస్తుశిల్పి. బాడెన్ పాలకుడు గ్రాండ్ డ్యూక్ ఫ్రీడ్‌రిష్ పేరు పెట్టారు. చూడ్డానికి రాజభవనంలా ఎందుకుందంటే, పోయిన కాసినో జనాన్ని మళ్ళీ లాగాలి కాబట్టి. కాసినో 1933లో మళ్ళీ తెరుచుకుంది కానీ, ఈలోగా స్నానశాల ఊరికి కొత్త గుర్తింపయిపోయింది.

ఇక అసలు విషయం. ఫ్రీడ్‌రిష్‌బాడ్‌లో బట్టలు ఉండవు. కొంచెం కూడా. ఈత దుస్తులు వేసుకుంటాను అంటే ఒప్పుకోరు. ఇది కొందరు చేసే సాహసం లాంటిది కాదు, ఆ స్నానశాల నియమమే అది. లాకర్ గదిలో అన్నీ తీసేసి, వాళ్ళిచ్చే దుప్పటి లాంటి గుడ్డతో లోపలికి వెళ్ళాలి. ఆ గుడ్డ కూడా వేడి బల్లల మీద పరుచుకోవడానికే, నీళ్ళలోకి తీసుకెళ్ళడానికి కాదు. కొన్ని రోజులు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరువేరుగా, కొన్ని రోజులు కలిపి నడపడం వాళ్ళ అలవాటు. ఏ రోజు ఏదన్నది మారుతూ ఉంటుంది కాబట్టి టికెట్ కొనే ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇంకో మెలిక. భవనం కుడి ఎడమలుగా ఒకేలా రెండు భాగాలు. రెండూ మధ్యలో గుమ్మటం కింద ఉన్న గుండ్రటి కొలను దగ్గర కలుస్తాయి. వేరువేరు రోజుల్లో కూడా ఆ మధ్య కొలను ఉమ్మడిగా ఉంచే పద్ధతి ఉంది. "ఈ రోజు మధ్య కొలను ఎలా?" అని కౌంటర్‌లో సూటిగా అడిగేయండి. వాళ్ళు రోజూ వినే ప్రశ్నే అది, సిగ్గుపడక్కర్లేదు.

ఇది విన్నాక సగం మంది పేరాలు దాటి కారకల్లా దగ్గరికి వెళ్ళిపోతారని తెలుసు. కాసేపు ఆగండి. నా అనుభవం చెప్తాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకూ చెప్పలేనంత టెన్షన్. లాకర్ గదిలో పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను, వాచీ తీసి పెట్టుకుంటున్నట్టు నటిస్తూ. చివరికి డెబ్భై ఏళ్ళ జర్మన్ తాతగారొకరు గుడ్డ భుజాన వేసుకుని, మా ఊళ్ళో పెద్దలు చెరువు గట్టుకు వెళ్ళినంత మామూలుగా నా ముందు నుంచి నడిచి వెళ్ళారు. ఆయన వెనకే నేనూ వెళ్ళాను. లోపల ఎవరూ ఎవరినీ చూడరు. చూడకపోవడమే అక్కడి మర్యాద. మూడో గదికి వచ్చేసరికి నాకు గుర్తుకూడా లేదు.

ఎందుకు గుర్తులేదంటే అక్కడ చేయాల్సిన పని ఎక్కువ. మొత్తం 17 మెట్లు. రోమన్ల వేడినీటి స్నానం, దానికి ఐర్లండ్ వైద్యుడు రిచర్డ్ బార్టర్ 1850లలో ప్రచారం చేసిన పొడి వేడిగాలి స్నానం, రెండూ కలిపిన పద్ధతి ఇది. అందుకే రోమన్-ఐరిష్ స్నానం అంటారు. ప్రతి గది గోడ మీద అంకె, ఎన్ని నిమిషాలుండాలో రాసి ఉంటాయి. మొదట పెద్ద షవర్. తర్వాత 54 డిగ్రీల వెచ్చటి గాలి గదిలో చెక్క బల్ల మీద పడుకోవడం, పావుగంట. చుట్టూ రంగురంగుల బొమ్మల పెంకులు అతికిన గోడలు. ఆ పక్కది 68 డిగ్రీల గది, ఐదు నిమిషాలు చాలు, చాలామంది అంతసేపు కూడా ఉండరు. రోహిణి కార్తెలో రామగుండం ఎండ చూసినవాళ్ళం మనకేం లెక్క అనుకుని వెళ్ళాను. లెక్కే.

మళ్ళీ షవర్, ఆ తర్వాత సబ్బు బ్రష్ మసాజ్. ఇది టికెట్‌లో ఒక ఎంపిక, ఇది కలిపితే ధర పెరుగుతుంది. బల్ల మీద పడుకోబెట్టి, నురగ పట్టించి బ్రష్‌తో రుద్దుతారు. మెత్తటి బ్రష్షా, గట్టిదా అని ముందే అడుగుతారు. చిన్నప్పుడు పండగ పూట అమ్మమ్మ చేతిలో సున్నిపిండితో నలుగు పెట్టించుకున్నవాళ్ళు ధైర్యంగా గట్టిదే అడగవచ్చు. మిగిలినవాళ్ళకి మెత్తటిది. ఇక్కడ డబ్బు మిగల్చవద్దనే నా సలహా. ఆ భవనంలో ఒకరి చేతి పని తగిలేది ఇక్కడ, చివర్లో క్రీమ్ రాసే దగ్గర మాత్రమే. మిగతాదంతా మీరూ, వేడీ.

తర్వాత ఆవిరి గదులు రెండు, 45, 48 డిగ్రీలు. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళ ఆవిరే అది. మెట్ల మీద కూర్చుంటే ఎదుటి మనిషి కనిపించడు, అదీ ఒక ఊరట. అప్పుడు అసలు స్నానం. 36 డిగ్రీల తొట్టి, తర్వాత 34 డిగ్రీల బుడగల కొలను, ఆ తర్వాత గుమ్మటం కింద 28 డిగ్రీల కొలను. వేడి నుంచి మెల్లగా దిగుతూ వస్తారన్నమాట. ఆ గుమ్మటం కింద నిలబడి పైకి చూస్తే, విగ్రహాలు, స్తంభాలు, పైనుంచి పడే వెలుగు. ఊళ్ళో ఎన్ని మ్యూజియంలు చూసినా ఇంత గుర్తుండదు. ఆ తర్వాత 18 డిగ్రీల చల్లటి నీళ్ళలో ఒక్క మునక. కార్తీక మాసంలో తెల్లవారుజామున మునిగినట్టు గుండె ఝల్లుమంటుంది. వెచ్చటి తువ్వాళ్ళు, క్రీమ్, ఆపైన విశ్రాంతి గది. దుప్పటి కప్పి అరగంట పడుకోబెడతారు. నిద్ర రాకపోతే ఆశ్చర్యం. మొత్తం రెండున్నర నుంచి మూడు గంటలు.

ఒక్క మాట ఆడవాళ్ళకు. మెడలో గొలుసు, నల్లపూసలు, మంగళసూత్రం ఉంటే 68 డిగ్రీల గదిలో ఆ లోహం కాలి చర్మం చురుక్కుమంటుంది. తీసి లాకర్‌లో పెట్టగలిగితే సరే. తీయడం ఇష్టం లేకపోతే ఆ గది వదిలేయండి. ఏ మెట్టునైనా వదిలేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మగవాళ్ళ గొలుసులకూ, వెండి మొలతాడుకూ ఇదే వర్తిస్తుంది.

కారకల్లా దగ్గరికొద్దాం. 1985లో తెరిచారు. పాత స్నానశాల ఆగస్టాబాడ్ ఉన్నచోట కట్టారు. ఇక్కడ కింది అంతస్తు అంతా ఈత దుస్తులతోనే. లోపల, ఆరుబయట కొలనులు, 32 నుంచి 38 డిగ్రీల మధ్య. ఒకచోట నీళ్ళు మిమ్మల్ని చుట్టూ తోసుకుపోతాయి, ఇంకోచోట పైనుంచి జలపాతంలా భుజాల మీద పడతాయి. రాతి గుహలో ఒక వేడి కొలను, పక్కనే ఒక చల్లటి కొలను. చలికాలంలో బయటి కొలనులో మెడవరకు వేడినీళ్ళలో ఉండి, జుట్టు మీద మంచు పడుతుంటే కొండవైపు చూడటం, అది కారకల్లా ఇచ్చే సుఖం. ఫ్రీడ్‌రిష్‌బాడ్ అది ఇవ్వలేదు. నన్నడిగితే కారకల్లాకు వెళ్ళేవాళ్ళు జూలైలో కాదు, జనవరిలో వెళ్ళాలి.

ఇక్కడ ఎవరి ఇష్టం వారిది. టికెట్ గంటల లెక్కన. సమయం దాటితే బయటికి వచ్చేటప్పుడు అదనంగా కట్టాలి. జనం ఎక్కువ, ముఖ్యంగా వానపడే ఆదివారాలు. మాటలు, నవ్వులు వినబడుతుంటాయి. ఫ్రీడ్‌రిష్‌బాడ్‌లో గుసగుస కూడా పెద్దగా వినబడుతుంది. భవనంగా చూస్తే కారకల్లాలో నాకు పెద్ద విశేషం కనిపించలేదు. శుభ్రంగా, విశాలంగా ఉంటుంది, అంతే. దాని వయసు నా వయసుకు దగ్గర, అందుకేనేమో గౌరవం తక్కువ.

ఒక జాగ్రత్త. లోపల మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్తే ఆవిరి గదుల ప్రపంచం, అక్కడ నియమం తిరగబడుతుంది. బట్టలు నిషిద్ధం, ఆడామగా కలిసే. బయట తోటలో చెక్క ఇళ్ళలాంటి గదులు కూడా ఉన్నాయి. తెలియక ఈత దుస్తుల్లోనే మెట్లెక్కి, పైన నిలబడి, వెనక్కి తిరిగి దిగిపోయే మనవాళ్ళను చాలామందినే చూశాను. ఒకసారి నాతో వచ్చిన స్నేహితుడే. ఆ రోజంతా అతను మాట్లాడలేదు. బోర్డు జర్మన్‌లో, ఇంగ్లిష్‌లో ఉంటుంది, కానీ అద్దాలు లాకర్‌లో పెట్టినవాడికి బోర్డేం కనిపిస్తుంది.

ఈత దుస్తులంటే ఈత కోసం కుట్టిన గుడ్డే కావాలి. కాటన్ షార్ట్స్, టీషర్ట్, లెగ్గింగ్స్ మీద టాప్ ఇవేవీ కుదరవు. ఒళ్ళు ఎక్కువ కప్పే ఈత సూట్ వేసుకోవాలనుకునేవాళ్ళు ముందుగా మెయిల్ రాసి కనుక్కుంటే గుమ్మం దగ్గర ఇబ్బంది ఉండదు. కొలనులోకి దిగేముందు సబ్బుతో శుభ్రంగా స్నానం చేయాలి. షవర్లు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరు, కానీ వాటిలో గదులుండవు, అందరి మధ్యా నిలబడి చేయాల్సిందే. సూట్‌తోనే రెండు చెంబుల నీళ్ళు పోసుకున్నట్టు తడిసి వచ్చేస్తే పెద్దావిడ ఎవరో ఒకరు మందలిస్తారు. తువ్వాలు, చెప్పులు ఇంటి నుంచి తీసుకెళ్ళండి, లేకపోతే అద్దె కట్టాలి. ఫ్రీడ్‌రిష్‌బాడ్‌లో మాత్రం చేతులూపుకుంటూ వెళ్ళొచ్చు, అన్నీ వాళ్ళే ఇస్తారు. రెండు చోట్లా ఫోన్ లాకర్‌లోనే. ఫొటో లేకపోతే వెళ్ళినట్టేనా అనుకునేవాళ్ళు భవనం ముందు దిగి రండి.

ఇప్పుడు ఎవరితో వెళ్తున్నారన్న ప్రశ్నకు వద్దాం.

ఒంటరిగా వెళ్తున్నారా? రెండో ఆలోచన వద్దు, ఫ్రీడ్‌రిష్‌బాడ్. మీకు తెలిసిన మొహం ఒక్కటీ లేని చోట బిడియం సగం పోతుంది. పైగా అక్కడ మూడు గంటలు మాట్లాడేవాళ్ళు లేకపోవడమే హాయి. కారకల్లాలో ఒంటరిగా గంటన్నర దాటితే ఏం చేయాలో తోచదు.

భార్యాభర్తలైతే ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఫ్రీడ్‌రిష్‌బాడ్. ఒకరు సరేలే అని తల ఊపి లోపల బిక్కుబిక్కుమంటూ ఉంటే ఇద్దరికీ ఆ రోజు చెడుతుంది. వేరువేరు రోజు చూసుకుని వెళ్ళి, ఎవరి వైపు వాళ్ళు చేసి, బయట కాఫీ దగ్గర కలుసుకోవడం మంచి మధ్యేమార్గం. మేము చేసింది అదే. కలిసి నీళ్ళలో ఉండాలి, కబుర్లాడాలి అంటే కారకల్లా.

ఆఫీసు స్నేహితుల గుంపు, యూనివర్సిటీ బ్యాచ్ అయితే కారకల్లా తప్ప వేరే మాట లేదు. సోమవారం మీటింగ్‌లో మళ్ళీ మొహమొహాలు చూసుకోవాలి. జర్మన్ సహోద్యోగులకు ఇది మామూలు విషయం కావచ్చు. "మాతో ఆవిరి గదికి రండి" అని పిలిస్తే అందులో వేరే అర్థమేమీ ఉండదు. రాను అంటే కూడా వాళ్ళేమీ అనుకోరు. మొహమాటానికి వెళ్ళకండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, మోకాళ్ళ నొప్పులు, వేడినీళ్ళు మంచిదంటారు కదా అంటే కొంచెం ఆలోచించాలి. కారకల్లా కింది కొలనులే వాళ్ళకు సరిపోతాయి, అదీ అమ్మగారు ఈత దుస్తులకు ఒప్పుకుంటే. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగాలి. గర్భిణులు కూడా అంతే. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్ళకు అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి తెలియక కాలిపోతుంది, కాబట్టి వేడిగాలి గదులు అసలే వద్దు. వేడి కొలనులో ఒక్కసారి పది పదిహేను నిమిషాలకు మించి ఉంచకండి. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి, లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. అమ్మగారు ససేమిరా అంటే నాన్నగారిని పంపి, ఆమెను నది ఒడ్డు తోటకు తీసుకెళ్ళండి. లిష్టెన్‌టాలర్ అల్లేలో బెంచీ మీద కూర్చుని, పూలు చూస్తూ, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినడం ఏ స్నానానికీ తీసిపోదు.

పిల్లలుంటే వయసు చూడండి. ఫ్రీడ్‌రిష్‌బాడ్‌కు 14 ఏళ్ళలోపు వాళ్ళను రానివ్వరు. కారకల్లాలో 7 ఏళ్ళు నిండాలి, 14 వరకు పెద్దలు తోడుండాలి. అక్కడ కూడా నీళ్ళు చిమ్ముకుంటూ ఆడుకోవడం కుదరదు. పిల్లల సరదా కోసమైతే ఈ ఊరి స్నానశాలలు సరైనవి కావు. మెర్కూర్ కొండ మీదికి వెళ్ళే తాళ్ళ రైలు ఎక్కించండి, 1913లో మొదలైంది, 668 మీటర్ల ఎత్తున శిఖరం. వాళ్ళకు అదే గుర్తుంటుంది.

రెండూ ఒకే రోజు చేస్తామనే ఉత్సాహవంతులుంటారు. దయచేసి వద్దు. ఫ్రీడ్‌రిష్‌బాడ్ అయ్యాక ఒళ్ళు దూదిలా ఉంటుంది, నడవడమే బద్ధకం. ఇంకోసారి నేను కడుపునిండా తిని వెళ్ళి రెండో గదిలోనే బయటపడాల్సి వచ్చింది. తిన్నాక స్నానం చేయకూడదని నానమ్మ ఊరికే అనలేదు. తేలికగా ఏదైనా తిని, గంటన్నర ఆగి వెళ్ళండి. ముందూ వెనకా నీళ్ళు బాగా తాగండి. బీరు ఆ సాయంత్రానికి వాయిదా వేయండి.

డబ్బు సంగతి: ఫ్రీడ్‌రిష్‌బాడ్ టికెట్ కారకల్లా రెండు గంటల టికెట్ కన్నా బాగా ఎక్కువ. సబ్బు మసాజ్ కలిపితే ఇంకా ఎక్కువ. అయినా చరిత్ర కోసం, భవనం కోసం వెళ్ళేవాళ్ళకు ఆ తేడా గిట్టుబాటే. ఏటా నాలుగుసార్లు వెళ్ళేవాళ్ళు కారకల్లాకే వెళ్తారు, నేనూ అంతే. స్నానం అక్కర్లేదు, రోమన్లు ఏం చేశారో చూస్తే చాలు అనేవాళ్ళకు ఫ్రీడ్‌రిష్‌బాడ్ కిందే రోమన్ సైనికుల స్నానశాల శిథిలాలున్నాయి. నేల కింద చిన్న ఇటుక స్తంభాలు కట్టి, వాటి మధ్య వేడిగాలి పంపి నేలను వేడిచేసేవారు. ఆ స్తంభాలు ఇంకా వరుసగా నిలబడి ఉన్నాయి. టికెట్ చవక, అరగంట చాలు. చలికాలంలో మూసి ఉండొచ్చు, చూసుకుని వెళ్ళండి.

కార్ల్స్‌రూహే నుంచి ప్రాంతీయ రైలులో అరగంట లోపే. స్టుట్‌గార్ట్ నుంచైతే కార్ల్స్‌రూహేలో మారాలి. డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్ళకు ప్రాంతీయ రైళ్ళు, ఊళ్ళో బస్సు రెండూ అందులోనే, వేగంగా వెళ్ళే ఐసీఈ మాత్రం రాదు. రైల్వేస్టేషన్ ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, దిగగానే 201 నంబర్ బస్సు ఎక్కి లియోపోల్డ్స్‌ప్లాట్జ్‌లో దిగితే స్నానశాలలకు నడక దూరం. పాత స్టేషన్ ఊరి మధ్యలోనే ఉండేది, ఆ భవనాన్ని 1998లో తెరిచిన 2,500 సీట్ల సంగీత మందిరానికి ముఖద్వారంగా మార్చేశారు.

జర్మనీలో లేనివాళ్ళు, లేదా ఇక్కడి పద్ధతి నచ్చనివాళ్ళు వేరే ఊళ్ళ గురించి అడుగుతుంటారు. బాడెన్-బాడెన్‌ను 2021లో యునెస్కో ఒక్కదాన్నే గుర్తించలేదు. ఏడు దేశాల్లోని 11 స్నానాల ఊళ్ళను కలిపి ఒకే వారసత్వంగా గుర్తించింది. అందులో మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేవి ఇంగ్లండ్‌లోని బాత్, చెక్ దేశంలోని కార్లోవి వారీ. లండన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు బాత్ ఒక్కరోజు ప్రయాణం. కానీ అక్కడి ప్రసిద్ధ రోమన్ స్నానశాల చూడ్డానికే, దిగడానికి కాదు. నీళ్ళలో దిగాలంటే 2006లో తెరిచిన థెర్మే బాత్ స్పాకు వెళ్ళాలి. ఈత దుస్తులతోనే. మేడ మీది కొలనులోంచి ఊరంతా కనిపిస్తుంది. పిల్లలను మాత్రం రానివ్వరు. కార్లోవి వారీలో టెప్లా నది ఒడ్డున స్నానం కన్నా తాగడం ముఖ్యం. ముక్కున్న పింగాణీ కప్పుతో వేడినీళ్ళు చప్పరిస్తూ మండపాల కింద నడుస్తారు. ఆ నీళ్ళ రుచి ఇనుప గరిట నాకినట్టుంటుంది, ఒక్కసారికి సరదా. ఈ జాబితాలో లేకపోయినా బట్టల గొడవ లేకుండా పెద్ద పాత స్నానశాల కావాలంటే డాన్యూబ్ ఒడ్డున బుడాపెస్ట్. 1913లో తెరిచిన సేచెనీ స్నానశాలలో పసుపుపచ్చ భవనాల మధ్య ఆరుబయట కొలనులో, నడుంలోతు నీళ్ళలో నిలబడి తాతలు చదరంగం ఆడుతుంటారు. ఫ్రీడ్‌రిష్‌బాడ్ అందం, కారకల్లా వెసులుబాటు ఒకేచోట కావాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది అదే, కాకపోతే జనం తిరునాళ్ళలా ఉంటారు.

బాడెన్-బాడెన్‌కే వెళ్తున్నారనుకుంటే ఇంకో చిన్న మాట. సాయంత్రం స్నానం ముగించుకుని తడి జుట్టుతో బయటికి రాకండి, నవంబర్ దాటాక కొండగాలి గట్టిగా ఉంటుంది. టోపీ పెట్టుకుని, తిరుగు రైలు టైము చూసుకుని వెళ్ళండి. విశ్రాంతి గదిలో నిద్రపోయి బస్సు మిస్సయినవాళ్ళలో నేనొకణ్ణి.